అవ్వ మాట మధ్యలో ఆపేసిన రోజు

నా దగ్గర ఒక ఆడియో ఫైలు ఉంది. నిడివి 38 నిమిషాలు. 2011 ఏప్రిల్‌లో, ములుగు వైపు తాడ్వాయి దాటి లోపలికి పోయాక వచ్చే ఒక కోయగూడెంలో, తునికాకు కల్లం పక్కన చింతచెట్టు కింద కూర్చుని రికార్డు చేసింది. మాట్లాడుతున్నది ఒక అవ్వ. అప్పటికే ఆమెకు ఎనభై దాటి ఉంటాయి. మాట్లాడుతూనే ఆకు కట్టలు కడుతోంది. కట్టకు 50 ఆకులు. లెక్క తప్పదు, మాట ఆగదు. ఫైలులో ఆమె గొంతు వెనక ఆకుల సరసర, ఎక్కడో కోడిపుంజు, మధ్యమధ్యలో నా "ఊఁ", "ఆఁ" వినిపిస్తాయి.

చివరి అరనిమిషం ఇలా ఉంటుంది (తోగు అంటే ఒర్రె, బోడు అంటే గుట్ట, చెలక అంటే మెట్ట చేను): "మద్దిమాను బోడు కాడికెళ్లి దిగితే గుర్రపుతోగు. తోగుకు ఇవుతల మా మామ చెలక. దానెనుక ఎలుగుబొర్ర. ఎలుగుబొర్ర కాడ ఎవలుండేదంటే..." టక్. అంతే.

ఆ టక్ నా వేలిదే. రికార్డర్‌లో పెన్సిల్ సెల్లు అయిపోవచ్చింది. రజాకార్ల కాలం చెప్పింది, సమ్మక్క కథ చెప్పింది, జంగ్లాతోళ్ళు (అటవీ శాఖవాళ్లు) ఎడ్లను తోలుకపోయిన సంగతి చెప్పింది. అసలు సరుకు దొరికిందని అనుకున్నాను. ఇక చెలకల పేర్లు, ఒర్రెల పేర్లు ఎవరు వింటారు? "చాలు అవ్వా, మస్తు చెప్పినవ్" అన్నాను. ఆమె నవ్వి, "ఇంక శాన ఉన్నది కొడుకా" అంది. ఆ మాట ఫైలులో లేదు. నా బుర్రలో ఉంది.

అవ్వ 2016లో పోయింది. ఇంకో రెండేళ్లకు ఆ ఊరి పిల్లాడొకడు ఫోన్ చేశాడు. ఊరంతా కలిసి సామూహిక అటవీ హక్కు కోసం దరఖాస్తు పెడుతున్నారట, పటం గీస్తున్నారట. "సారూ, మా అవ్వ మాట్లాడింది మీకాడ ఉన్నదంట గదా. అండ్ల చెలకల పేర్లు ఉన్నయా?"

ఉన్నాయి. మూడు.

అడవి గురించి పెద్దల మాటలు రికార్డు చేయాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. చేతిలో ఫోన్ ఉన్న ప్రతివాడూ చేస్తున్నాడు కూడా. నాకు సంతోషమే. కాకపోతే మనం కథలా వినిపించేదాన్ని ఉంచుకుని, జాబితాలా వినిపించేదాన్ని పారేస్తున్నాం. ఎక్కడ ఏ చెలక, ఏ ఒర్రె ఎవరిది, ఏ చెట్టు కింద ఎవరిని పూడ్చారు, ఏ దారిని ఎప్పుడు మూసేశారు: విసుగ్గా అనిపించే ఈ పట్టీయే అడవికి అసలు చరిత్ర అని నా వాదన. పొరపాటు చేసినవాడిని గనక కాస్త గట్టిగానే చెప్తాను.

నేను పుట్టి పెరిగింది హనుమకొండలో. మా నాన్న టేకు కూపుల్లో, అంటే వంతులవారీగా నరికే అడవి ముక్కల్లో, గుమాస్తా. కాంట్రాక్టర్ మనిషి. దుంగల చుట్టుకొలత, పొడవు పుస్తకంలో రాయడం, లారీలు లెక్కపెట్టడం ఆయన పని. మా ఇంట్లో అడవి అంటే ఘనపుటడుగులు. ఎండాకాలం సెలవుల్లో ఒకసారి నన్ను కూడా కూపుకు తీసుకుపోయాడు. నరికిన మొద్దుల మీద సుత్తితో ముద్ర వేస్తుంటే వచ్చే శబ్దం, పచ్చి టేకు వాసన, నరికేవాళ్ళు తాగుతున్న జావ. ఆ నరికేవాళ్ళు ఎవరు, ఎక్కడివాళ్ళు, ఆ అడవిలో వాళ్లకు ఏమేం ఉండేవి? మా నాన్న పుస్తకంలో దానికి గడి లేదు. నేనూ అడగలేదు. తొమ్మిదేళ్ల పిల్లాడిని, లారీ ముందుసీట్లో కూర్చోవాలన్నదే నా ఆరాటం.

ప్రభుత్వ కాగితాలకూ, నాన్న పుస్తకానికీ తేడా పెద్దగా లేదని తర్వాత తెలిసింది. నిజాం ప్రభుత్వం అడవిని కొలిచింది, హద్దురాళ్ళు పాతింది, రిజర్వు చేసింది. హైదరాబాద్ అటవీ చట్టం 1355 ఫసలీలో, అంటే నిజాం పాలన వాడిన సంవత్సరాల లెక్కలో, వచ్చింది. (ఈ ముక్క ఒక మిత్రుడికి చెబితే, "అంటే కాకతీయులు పోయిన 32 ఏళ్లకా?" అన్నాడు. ఫసలీకి 590 కలపాలి నాయనా, అది 1945-46.) ఆ తర్వాత 1954-55లో కాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి చేతిలో ఉందో రాసిన రికార్డు. తెలంగాణలో భూమి తగాదా ఏదైనా చివరికి దాని దగ్గరికే పోతుంది. అందులో పేరుంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అడవి మధ్యలో ఈ ఏడు ఇక్కడ, మూడేళ్ల తర్వాత అక్కడ పోడు కొట్టుకుని జొన్నలూ సామలూ పండించినవాడికి సర్వే నంబర్ ఎక్కడిది? ఆ నంబర్ లేనివాడు కాగితంలోకి వచ్చేది ఒకే ఒక్కసారి, కేసు పెట్టినప్పుడు. అప్పుడు అతని పేరు ముందు "ఆక్రమణదారు" అని ఉంటుంది.

కాగితం అబద్ధం చెప్పిందని నేననను. అది టేకు కోసం, వెదురు కోసం, మేత పన్ను కోసం రాసుకున్న కాగితం. దానికి కావలసింది అది రాసుకుంది. మనుషులు ఎక్కడున్నారని దాన్ని అడగడం మన తప్పు.

మరి ఎవరిని అడగాలి? దీనికి చట్టమే సమాధానం చెప్పింది, మనమే సరిగ్గా చదవలేదు.

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం 2007 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. 2005 డిసెంబర్ 13 నాటికి భూమి చేతిలో ఉన్న గిరిజనులకు హక్కు. గిరిజనేతరులైతే అంతకు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు చూపాలి. లెక్కేసుకుంటే 1930 దాకా వెనక్కి పోవాలి. ఎలా చూపాలన్నదానికి ఈ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో 13వది ఒక జాబితా ఇచ్చింది. ప్రభుత్వ రికార్డులు ఉన్నాయి సరే. వాటితోపాటు బావులు, శ్మశానాలు, దేవుళ్ల స్థలాలు, చదును చేసిన నేల, కట్టిన గట్లు ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది: దరఖాస్తుదారు కాని వేరే పెద్దలు చెప్పిన మాట, రాతలో పెట్టినది. ఒకటికి మించి ఆధారాలు చూడాలని కూడా అదే నిబంధన చెబుతుంది. అంటే అవ్వ మాట, దానికి తోడు ఎలుగుబొర్ర దగ్గరి పాత గట్టు, ఈ రెండూ కలిస్తే చట్టం లెక్కలో సాక్ష్యమే. జానపద కథ కింద కొట్టిపారేయడానికి లేదు.

ఆచరణలో ఏమైంది? ఒకసారి ఆ ఊరివాళ్ల వెంట ఒక ఆఫీసుకు పోయాను. బల్ల మీద ఫైళ్ల కట్ట. పెద్దల వాంగ్మూలాలు అన్నీ అందులో ఉన్నాయి. తిరగేస్తే నలభై దాకా కాగితాలు, నలభైలోనూ ఒకే వాక్యం: "సదరు వ్యక్తి సదరు భూమిని తాతముత్తాతల కాలం నుండి సాగు చేసుకొనుచు జీవించుచున్నాడని నాకు తెలియును." కింద వేలిముద్ర. పేరూ విస్తీర్ణం మాత్రం ఖాళీల్లో పెన్నుతో నింపారు. ఎవరో మంచి మనసుతోనే, పని తొందరగా కావాలని, ఒక నమూనా రాసి జిరాక్స్ తీయించారు. దాన్ని చూసిన అధికారి నమ్మలేదు. ఆయన్నీ తప్పు పట్టలేను. ఎవరికైనా సరిపోయే వాక్యం ఎవరికీ సాక్ష్యం కాదు గదా.

ఆ నలభై కాగితాల వెనక నలభై మంది ముసలివాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరిని అరగంట కూర్చోబెట్టి, "అయ్యా, ఈ చెలకకు ఆ పేరెట్ల వచ్చింది? గుర్రపుతోగు అంటరు, ఎవల గుర్రం?" అని అడిగి ఉంటే ఏం వచ్చేదో నాకు తెలుసు. ఎందుకంటే ఈ ఒక్కటి నేను అవ్వను అడిగాను. నిజాం కాలంలో ఒక అమీను గుర్రం మీద వసూలుకు వచ్చాడట. వానాకాలం. తోగు పొంగితే గుర్రం కొట్టుకుపోయింది, అమీను చెట్టు పట్టుకుని బతికాడు. ఊరివాళ్లు తాడేసి లాగారు. మర్నాడు అదే అమీను, గుర్రం ఖరీదు ఊరి మీదే వేశాడట. ఇది చెప్పి అవ్వ ఎంతసేపు నవ్విందో! ఒక్క పేరులో వసూళ్లున్నాయి, ఊరు అక్కడ ఉండేదన్న రుజువుంది, కాలం కూడా ఉంది. నలభై జిరాక్స్ కాగితాల్లో ఇందులో ఒక్కటీ లేదు.

కాలం సంగతి వచ్చింది గనక చెప్తాను. పెద్దల మాటలకు తేదీలు ఉండవని చాలామంది పక్కన పెడతారు. ఉంటాయి, మన క్యాలెండర్‌లో ఉండవు. "భూమి ఊగిన యేడు" అంటే 1969. ఆ ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం ఈ అడవులన్నిటికీ ఒక గుర్తు. రజాకార్లంటే 1947-48. "పెద్ద గోదారి" అంటే మాత్రం జాగ్రత్త పడాలి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, ఇప్పుడు యాభై అరవై దాటినవాళ్లకు పెద్ద గోదారి అదే. వాళ్లకంటే పెద్దవాళ్లకు 1953 వరద ఉంది. 2022 జూలై తర్వాత కుర్రవాళ్లకు కూడా ఒకటి వచ్చింది.

మంగపేట వైపు ఒక తాత, పెద్ద గోదారి వచ్చినప్పుడే తమ గూడెం గుట్ట మీదికి మారిందని చెప్పాడు. నేను 1986 అని రాసుకున్నాను. ఆయన అన్న కొడుకు, "ఛ, నేను అప్పుడు పదో తరగతి, గూడెం అప్పటికే గుట్టమీద ఉన్నది" అన్నాడు. మళ్లీ తాత దగ్గరికి పోయాను. ఈసారి ఏ సంవత్సరం అని అడగలేదు. "గుట్ట ఎక్కేటప్పుడు నీ సంకల ఎవలున్నరు?" అని అడిగాను. "సంకల ఎవలుంటరు, నేనే మా అమ్మ సంకల ఉంటి" అన్నాడు. అది 1953. తాత అబద్ధమాడలేదు, మరిచిపోలేదు. నేను అడిగింది తప్పుడు ప్రశ్న. ఆయన అమ్మ చెప్పింది, తను చూసింది, రెండు వరదలూ కలిసి ఒక వరద అయ్యాయి. విడదీయడం అడిగేవాడి పని.

జ్ఞాపకంలో తప్పులుంటాయి అనేవాళ్లతో నాకు పేచీ లేదు. ఉంటాయి. పహాణీలో లేవా? తండ్రి పేరు కొడుకుగా, రెండెకరాలు ఇరవైగా పడ్డ పహాణీలు పట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు. రాతలో తప్పును దిద్దడానికి మనకు ఓపిక ఉంది, దానికో దరఖాస్తు ఫారం కూడా ఉంది. మాటలో తప్పు కనబడగానే మాత్రం మొత్తం మాటనే తీసేస్తాం.

అన్నిటికంటే ఇబ్బందైన తప్పు వేరే ఉంది. ఒక పెద్దాయన సమ్మక్క చరిత్ర చెప్తానంటే ఉత్సాహంగా కూర్చున్నాను. మేడరాజుకు పులుల మధ్య పాప దొరకడం, కరువొచ్చి కప్పం కట్టలేకపోవడం, ప్రతాపరుద్రుడి సైన్యం, సంపెంగ వాగులో జంపన్న, చిలకలగుట్ట, కుంకుమ భరిణ. చక్కగా, ఒక వరసలో, గ్రాంథికం కలిసిన తెలుగులో చెప్పాడు. ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. జాతరలో మైకులో చెప్పేది అదే, దుకాణాల్లో అమ్మే చిన్న పుస్తకాల్లో ఉన్నదీ అదే. ఆయన తన తాత దగ్గర విన్నది కొంత వేరే. రెండోసారి పోయినప్పుడు అది బయటికొచ్చింది. మొదటిసారి ఎందుకు చెప్పలేదంటే, "మీకు కావాల్సింది గదే గదా" అన్నాడు. సిటీ నుంచి వచ్చినవాడికి అచ్చులో ఉన్న కథ చెప్తే సరిపోతుందని ఆయనకు అనుభవం. అచ్చు మాటను మింగేస్తుంది, తర్వాత మనం పోయి ఆ మింగినదాన్నే మౌఖిక చరిత్ర పేరుతో రికార్డు చేసుకొస్తాం.

ఇక్కడ రెండు రకాల జ్ఞాపకాలను విడిగా చూడాలి. ఒకటి నేర్చిన జ్ఞాపకం. కోయల్లో డోలి వాళ్లున్నారు. వేల్పుల కొలుపు జరిగినప్పుడు పడిగె (వంశం గుర్తులున్న జెండా గుడ్డ) విప్పి, గొట్టుగొట్టుకూ (ఇంటిపేర్ల గుంపు) వంశం ఎక్కడ మొదలైంది, ఎవరి తర్వాత ఎవరు అన్నది పాడతారు. గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య అది. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటి విద్వాంసుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయాడు. గోండుల్లో ఆ పని ప్రధాన్లది. కిక్రీ అనే తీగ వాద్యం వాయిస్తూ రాత్రంతా కథ నడిపిస్తారు. వాళ్ల పాటలు తప్పకుండా రికార్డు చేయాలి, చేస్తున్నారు కూడా.

రెండోది మా అవ్వ జ్ఞాపకం. ఎవరూ నేర్పలేదు. పశువులు కాసి, ఆకు తెంపి, ఇప్పపువ్వు ఏరి, గర్భంతో నీళ్లు మోసి, అడుగడుగునా నడిచి వంటబట్టించుకున్నది. ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో ఆమెకు తెలుసు. అవును, అడవిలో ఇప్పచెట్లకు ఇళ్లుంటాయి. ఫలానా చెట్టు కింద ఫలానా ఇంటివాళ్లే పువ్వు ఏరుతారు, కోడలికి అత్త చెప్తుంది. ఆ లెక్క ఏ ఆఫీసులోనూ లేదు. పాటగాడికి శాలువా కప్పుతాం, మంచిదే. అరవై చెలకల పేర్లు నోటికొచ్చిన ముసలమ్మ ముందు మైకు కూడా పెట్టం. పెట్టినా, నాలాగా సెల్లు చూసుకుని ఆపేస్తాం.

అడవి మనిషి మాటను శ్రద్ధగా విన్నవాళ్లు మన దగ్గర లేరా అంటే, ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపేశాక, అసలు ఈ గోండులకు ఏం కష్టమొచ్చిందో తెలుసుకుందామని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ అప్పటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండులతో తిని, గోండు మాట్లాడి, ప్రధాన్ల కథలు రాసుకున్నారు. రిజర్వు లైను లోపల పడిపోయి భూములు పోయిన ఊళ్ల గురించి రాశారు. 1943లో మార్లవాయిలోనే గోండు పంతుళ్లకు శిక్షణ మొదలుపెట్టించారు. బెట్టీ సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన్ను తలుచుకుంటే నాకు గౌరవం. ఒక్కటి మాత్రం మింగుడుపడదు: తుపాకులు పేలాకనే వినాలనిపించింది. ముందు పేలింది, తర్వాత రాసుకున్నారు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉండడం మంచిదే. మార్లవాయి మనవరాలు తన ముత్తాత ముఖం చూడాలంటే మాత్రం సముద్రాల అవతలి సేకరణలోనే వెతకాలి.

ఆదిలాబాద్ సంగతి ఇంకొకటి. గిరిజనులంటే రాత లేనివాళ్లు, అంతా నోటి మాటే అని మనకో గట్టి నమ్మకం. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. ఊళ్లో ఆ లిపి చదవగలిగిన పెద్దలు కూడా ఉన్నారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. "మీ దగ్గర రాసిందేమన్నా ఉన్నదా?" అని అడగకుండానే ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చేశామో.

ఇప్పుడు నన్ను ఒక ఫారెస్ట్ మిత్రుడు అడిగిన ప్రశ్న. "నువ్వన్నట్టు మాటే సాక్ష్యమైతే, నిన్నగాక మొన్న చెట్లు నరికి ట్రాక్టర్ పెట్టినవాడు కూడా నాలుగు పేర్లు బట్టీపట్టి చెప్తాడు. అడవి మిగలాలా వద్దా?" న్యాయమైన ప్రశ్న. అట్లాంటివాళ్లున్నారు, నాకూ తెలుసు, పైగా వాళ్లలో చాలామందికి ట్రాక్టర్ ఉండడమే ఒక గుర్తు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతా కలిపి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు, లక్షన్నర మందికి. అందులో ఎవరు పాతవాళ్లు, ఎవరు కొత్తవాళ్లు అన్న గొడవ ఊరూరా నడిచింది.

అయితే నా మిత్రుడు అనుకున్నదానికి ఇది తిరగబడుతుంది. బట్టీపట్టినవాడు జిరాక్స్ వాక్యంలో దొరకడు. అందులో అందరూ ఒకటే. వివరంగా అడిగితేనే దొరుకుతాడు. ఊరు పాతదే అని చెప్పేవాడిని అడవిలోకి తీసుకుపోయి పాటిగడ్డ చూపించమనండి. మనుషులు ఉండి వదిలేసిన దిబ్బ ఎక్కడున్నా పెంకులుంటాయి, అరిగిన విసుర్రాయి ముక్క ఉంటుంది. చుట్టూ టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి ఉన్న నడి అడవిలో ఉన్నట్టుండి నాలుగైదు ముసలి చింతచెట్లు గుంపుగా కనిపిస్తే అక్కడ ఒకప్పుడు ఇళ్లుండేవని దాదాపు ఖాయం. ఆ చెట్లు ఎవరి వాకిట్లోవో చెప్పగలిగినవాడు పాతవాడు. దీనికి సాటిలైట్ బొమ్మ కావాలంటే వాడండి. అది తోడుగా ఉండాలే తప్ప మిగతా ఆధారాలకు బదులు కాకూడదని 2012లో సవరించిన నిబంధనల్లోనే ఉంది. కారణం కూడా ఉంది. బీడు వదిలిన పోడు పైనుంచి చూస్తే అడవే. నేలను కొన్నేళ్లు పడుకోనిచ్చినవాడు బొమ్మలో ఓడిపోతాడు, ఏటా గీకినవాడు గెలుస్తాడు.

ఇంకో మాట. రికార్డు చేయాల్సింది కోయ అవ్వను, గోండు తాతను మాత్రమే కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది. రిటైరైన బీట్ గార్డులు ఉన్నారు. చీకట్లో కలప బండికి అడ్డం నిలబడ్డవాళ్లు, మామూళ్లు తీసుకున్నవాళ్లు, రెండూ చేసినవాళ్లు. కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీకి కర్ర కొట్టిన కూలీలున్నారు. మా నాన్నలాంటి గుమాస్తాలున్నారు. నాన్న చనిపోయే ముందు ఏడాది ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడించాను. కొలత పుస్తకంలో రాసే చుట్టుకొలతకు, కర్రకు ఉన్న చుట్టుకొలతకు ఎంత తేడా వేసేవారో వివరంగా చెప్పాడు. సిగ్గుపడుతూ కాదు, పనితనం చెప్పుకున్నట్టు చెప్పాడు. అది వింటే పాత రికార్డుల్లో ఉన్న ఘనపుటడుగుల మీద నాకున్న భక్తి కాస్తా పోయింది.

అన్నీ రికార్డు చేయాలని మాత్రం అనను. ఈ అడవుల్లో ఎనభైలు, తొంభైలు గడిపినవాళ్లను ఆ రోజుల గురించి అడిగితే మాట ఒక చోట ఆగుతుంది. రాత్రి అన్నలు వచ్చి అన్నం అడిగేవారు, పొద్దున పోలీసులు వచ్చి ఎవరికి పెట్టావని అడిగేవారు. తునికాకు కట్టకు రేటు పెరిగిన సంగతి గర్వంగా చెప్పిన మనిషే, తమ్ముడు ఎట్లా పోయాడన్న చోట నా ఫోన్ వైపు చూస్తాడు. ఆ చూపు అర్థమై ఫోన్ సంచిలో పెట్టేయడం రాకపోతే ఈ పనికి దిగకూడదు. పెట్టేశాక విన్నది రాయకూడదు. ఇక్కడ కూడా రాయను.

మరి రికార్డు చేసింది ఎవరిది? 2011లో నేను చేసిన రెండో తప్పు ఇదే. ఫైలు నా కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. ఆ ఊరివాళ్లకు ఏడేళ్ల పాటు దాని మొహం తెలియదు. ఇప్పుడు లేచే ముందే అక్కడున్న రెండు ఫోన్లలోకి పంపించి లేస్తున్నాను. పెళ్లి వీడియోల మధ్యలో ఉంటుంది, పోతే పోతుంది, ఉంటే ఉంటుంది. నా హార్డ్‌డిస్క్ కూడా ఒకసారి పోయింది కదా.

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలివాన వచ్చి 50 వేలకు పైగా చెట్లు కూలిపోయాయి. మహావృక్షాలు వేర్లతో సహా పక్కకు పడిపోయాయి. డిసెంబర్ 4న పొద్దున్నే 5.3 తీవ్రతతో భూమి కదిలింది, ములుగు దగ్గర. హనుమకొండలో మా ఇంట్లో వంటింటి గిన్నెలు మోగాయి. తర్వాత నెల నేను అవ్వ ఊరికి పోయాను. భయమేసి పోయాను, దాపరికమెందుకు. గుర్తులన్నీ చెట్లే అయినచోట చెట్లే పోతే ఇంకేం మిగులుతుంది?

అవ్వ కోడలు నా వెంట నడిచింది. ఆమెకు ఇప్పుడు అరవై ఉంటాయి. ఈసారి కూర్చోబెట్టలేదు, నడుస్తూ మాట్లాడమన్నాను, ఫోన్ చొక్కా జేబులో ఆన్ చేసి పెట్టుకున్నాను. చెట్లు కూలింది ఇంకో వైపు, ఇక్కడ కొద్దిగానే తగిలింది. మద్దిమాను బోడు ఎక్కాం. పైన మద్దిమాను లేదు. గాలికి పడిందా అని అడిగితే, "గిప్పటి సంగతా? కూపుల కాలంలనే కొట్కపోయిన్రు. మా అత్త చూసిందట, నేను చూడలె" అంది. అవ్వ ఆ రోజు చెట్టు ఉన్నట్టే చెప్పింది మరి. నేను ఇంకేం అడగలేదు. ఏ సంవత్సరం కూపో అడగొచ్చు, నాన్న పాత పుస్తకాలు రెండు ఇంట్లో అటక మీద ఉన్నాయి. ఇంకా దింపలేదు.

గుర్రపుతోగు దిగాం. ఎలుగుబొర్ర దగ్గర ఎవరుండేవారో ఆమె చెప్పింది, 2011లో తెగిపోయిన వాక్యం అక్కడ పూర్తయింది. అక్కడినుంచి వరసగా ఇరవై రెండు పేర్లు చెప్పింది. ఒక్కో పేరుకు ఆగి, చేత్తో చూపించి, వేలితో లెక్కపెట్టుకుంది. ఇరవై మూడో దగ్గర ఆగిపోయింది. తోగు వంపు తిరిగే చోట నాలుగు చింతచెట్లు, కింద పెంకులు. ఇది ఎవరి పాటిగడ్డో ఆమెకు తెలియదు.

"మా అత్త చెల్లె ఒకామె ఉన్నది, గోదారి అవుతల ఇచ్చిన్రు. ఆమెకు ఎరుక" అంది. తర్వాత నా జేబు వైపు చూసి, "జల్ది పో సారూ. ఆమెకు చెవులు వినపడ్తలేవు, నోరైతే మంచిగనే ఉన్నది."